ఏలినాటి శనిలో పసుపు అమ్మకం ఆపాలా?

జన్మరాశికి పన్నెండు, ఒకటి, రెండు స్థానాల్లో శని సంచరించే సుమారు ఏడున్నరేళ్ల కాలం ఏలినాటి శని. దృక్ గణితం ప్రకారం 2025 మార్చి 29న శని మీనంలోకి రావడంతో మేషరాశికి ఇది మొదలైంది. పన్నెండోది వ్యయస్థానం, కాబట్టి ఖర్చులు పెరుగుతాయంటారు. జాతకం, నడుస్తున్న దశ చూడకుండా గోచారం ఒక్కదానితో ఫలితం చెప్పడం జ్యోతిష సంప్రదాయంలోనూ సరికాదు. పరిహారంగా శనివారం పెట్టే నువ్వుల నూనె దీపానికి పెద్ద ఖర్చేమీ లేదు. అప్పుచేసి శాంతిహోమం చేయిస్తే మాత్రం వ్యయస్థానం ఫలించినట్టే! గ్రహాలు ధరలను నడిపిస్తాయనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. జక్రాన్‌పల్లి రైతు తెచ్చిన పసుపుకు నిజామాబాద్ యార్డులో ధర పలికేది కొమ్ము నాణ్యత, తేమ, ఆ రోజు వచ్చిన సరుకును బట్టి. సరుకు ఆపాలంటే నిల్వ ఖర్చు, అప్పు వడ్డీ, పురుగు భయం లెక్కవేసుకోవాలి.