ఇసుకలోని ప్రాణములు

గోస్తనీనది సముద్రమున కలియు చోట భీమునిపట్టణము కలదు. శివరాత్రికి ఆదివారము తోడుకాగా, ఇద్దరు మిత్రులు తమ రెండు కుక్కలతో అచ్చటికి విహారమునకు పోయిరి. మొదటి దినమంతయు కుక్కలు కెరటములను తరుముచు, పీతల వెంట పరుగిడుచు వారిని నవ్వించినవి.

మరునాటి ఉదయమున పెద్దకుక్క యొకచోట మూతి యానించి ఇసుకను త్రవ్వసాగెను. అది ఆటయని తలచి ఒక మిత్రుడు చప్పట్లు చరచెను. రెండవవాడు ఇసుకపైనున్న వెడల్పాటి జాడను చూచి, పరుగున పోయి కుక్కను వెనుకకు లాగెను.

"ఓయీ, ఇది ఆట కాదు! ఇచట తాబేటి గ్రుడ్లున్నవి" అనెను.

ఆలివ్ రిడ్లే జాతి తాబేలు రాత్రివేళ తీరమెక్కి, మూరెడు లోతు గుంట త్రవ్వి, ఇంచుమించు 100 గ్రుడ్లు పెట్టి, పూడ్చి, కడలికి మరలును. పిల్లలను చూచుటకు తల్లి రాదు. ఇసుక వేడిమియే గ్రుడ్లను పొదుగును. 45 మొదలు 60 దినములకు పిల్లలు వెలువడి నీటివైపు సాగును. వానిలో పెరిగి పెద్దవగునవి మిక్కిలి కొలది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వీనికి రక్షణ నొసగినది. కాని కుక్క చట్టము నెరుగదు, వాసన నెరుగును.

మిత్రులు గుంటను మరల ఇసుకతో కప్పి, అటవీశాఖవారికి తెలియజేసిరి. వారు వచ్చి గ్రుడ్లను సంరక్షణస్థలమునకు కొనిపోయిరి. పిమ్మట కుక్కలు త్రాళ్లతోనే తిరిగినవి. వాని యుత్సాహమునకు కొరత కలుగలేదు.

మూగజీవి తెలియక చేయు కీడునకు, తెలిసియు త్రాడు విడిచినవాడే బాధ్యుడు.