ఉత్తరాల వరదకు అడ్డుకట్ట

మా పాఠశాలలో పదవ తరగతి చదివే ఒక అమ్మాయి కిందటి ఏడాది ఒక ప్రతిభా పరీక్షకు దరఖాస్తు పెట్టుకుంది. హాల్ టికెట్ ఈమెయిల్‌లో వచ్చింది. కాని రోజూ వచ్చిపడే ప్రకటనల మధ్య అది మరుగునపడిపోయింది. పరీక్ష తేదీ దాటాక గాని సంగతి తెలియలేదు. ఒక ఏడాది అవకాశం పోయింది!

ఆ ప్రకటనలు ఎందుకు వస్తున్నాయి? ఏదైనా వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకునేటప్పుడు "మా సమాచారం పంపవచ్చు" అనే గడిలో మనం టిక్కు పెడతాం. దానితో మన చిరునామా వారి జాబితాలో చేరుతుంది. దీనినే మెయిలింగ్ లిస్టు అంటారు. పత్రికకు చందా కట్టడం వంటిదే ఇది. అయితే పత్రిక చందా గడువు తీరగానే ఆగుతుంది. ఇది మనం ఆపమనేదాకా ఆగదు. వచ్చిన ఉత్తరాన్ని చెరిపేసినా జాబితాలో పేరు అలాగే ఉంటుంది.

ఈ జాబితాలను మొదట్లో మనుషులే చూసుకునేవారు. 1986లో పారిస్‌లో చదువుకుంటున్న ఎరిక్ థామస్ అనే విద్యార్థి 'లిస్ట్‌సర్వ్' అనే ప్రోగ్రాం రాశాడు. పేర్లు చేర్చడం, తొలగించడం అది తనంతట తానే చేసేది.

మరి రద్దు ఎలా జరుగుతుంది? ప్రతి ఈమెయిల్‌కూ మనకు కనిపించని కొన్ని పంక్తులుంటాయి. వాటిని హెడర్ అంటారు. 1998లో ఏర్పడిన ప్రమాణం ప్రకారం, రద్దు కోరవలసిన చిరునామాను అందులో ఉంచవచ్చు. మెయిల్ ప్రోగ్రాం దాన్ని చదివి మనకు 'అన్‌సబ్‌స్క్రైబ్' అనే మీట చూపిస్తుంది.

ఇక్కడొక చిక్కు వచ్చింది. ప్రమాదకరమైన ఉత్తరాలను పట్టే ప్రోగ్రాములు లింకులను ముందుగా తామే తెరిచి పరీక్షిస్తాయి. అప్పుడు రద్దు లింకు కూడా తెరుచుకుని, యజమాని కోరకుండానే చందా రద్దయ్యేది! అందుకని 2017లో కొత్త ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం లింకు తెరిస్తే చాలదు. మీట నొక్కినప్పుడు వెళ్ళే ప్రత్యేక సందేశం అందాలి. జీమెయిల్‌కు రోజుకు 5,000 లేదా అంతకు మించి ఉత్తరాలు పంపే సంస్థలు ప్రచార ఉత్తరాలలో ఈ సౌకర్యం ఉంచాలని 2024లో నియమం పెట్టారు.

ఒక్క జాగ్రత్త! మీరు ఎన్నడూ చేరని చోటు నుంచి ఉత్తరం వస్తే అందులోని లింకును నొక్కకండి. నొక్కితే "ఈ చిరునామాలో మనిషి ఉన్నాడు" అని మోసగాళ్ళకు మీరే చెప్పినట్లవుతుంది. దానిని 'స్పామ్' అని గుర్తించి వదిలేయండి. రద్దు చేయడానికి పాస్‌వర్డ్ అడిగితే అది మోసమని అనుమానించండి.

చేసి చూడండి: ఒక వారం మీ ఇంట్లోవారి ఈమెయిల్‌లో వచ్చిన ఉత్తరాలను వారి అనుమతితో లెక్కించండి. అవసరమైనవి, అక్కరలేనివి, తెలియనివారివి అని మూడు వరుసలు రాయండి. రెండో వరుసలోని చందాలను రద్దు చేయించండి. రెండు వారాల తరువాత మళ్ళీ లెక్కించి, తేడాను మీ నోటు పుస్తకంలో రాసుకోండి.