గిద్దలూరులో యాంటెన్నా, హైదరాబాదులో మైకు

హామ్ రేడియో అనగానే "సెల్‌ఫోన్ ఉండగా అదెందుకండీ?" అంటారు మన మిత్రులు చాలామంది. నల్లమల దాటనివారి ప్రశ్న ఇది. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే రైల్లో, దిగువమెట్ట దాటాక అడవిలో సిగ్నలు పోతే ఫోను వట్టి పలకే. (మార్కాపురం దగ్గరివాణ్ణి గనుక పలకతోనే పోలుస్తున్నాను.)

7 మెగాహెర్ట్జ్ తరంగానికి ఆ కొండ అడ్డు కాదు. సుమారు 20 మీటర్ల తీగను రెండు వేపచెట్ల మధ్య ఏడెనిమిది మీటర్ల ఎత్తున కడితే తరంగం చాలావరకు నిటారుగా పైకి పోతుంది. అయనోస్ఫియర్ నుంచి తిరిగి వచ్చి పగటిపూట చుట్టూ మూడు వందల కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది.

అయితే చదువుకో ఉద్యోగానికో హైదరాబాదు చేరినవాడి గతేమిటి? అద్దెగది మీద తీగ కట్టనివ్వరు. కట్టనిచ్చినా ఇన్వర్టర్ల, ఎల్‌ఈడీ దీపాల రొద. అందుకని సెట్టు ఊళ్లో, మనిషి పట్నంలో. సెట్టుకు చిన్న కంప్యూటరు తగిలిస్తే ఇంటర్నెట్ ద్వారా ఫ్రీక్వెన్సీ తిప్పవచ్చు, వినవచ్చు, మాట్లాడవచ్చు. నేను ఎక్కడున్నా స్టేషను మాత్రం గిద్దలూరుదే.

మాటకు కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. మోర్సుతోనే తంటా. నిమిషానికి 20 మాటల వేగంలో ఒక చుక్క 60 మిల్లీసెకన్లే. నెట్ ఒక్కోసారి ఒక్కో రకంగా ఆలస్యం చేస్తే చుక్కలు, గీతలు కలగాపులగమే. కాబట్టి మీట నొక్కుళ్లు పంపకూడదు. అక్షరాలు పంపి, చుక్కలు కొట్టే పని ఊళ్లోని యంత్రానికి అప్పగించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, నెట్ తెగిన మరుక్షణం సెట్టు తనంతట తాను ప్రసారం ఆపుకోవాలి. లేదంటే సెట్టు కాలిపోతుంది, ఆ ఫ్రీక్వెన్సీ ఇతరులకు దక్కదు. బాధ్యత లైసెన్సుదారుడిదే. పాస్‌వర్డు స్నేహితులకు పంచేది కాదు.

2004 డిసెంబరు సునామీ నాడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున అండమాన్ వెళ్లిన భారతీ ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్ నుంచి కబుర్లు అందించారు. సెట్టూ ఆవిడా ఒక్కచోటే ఉన్నారు. తుపానులో కేబులు తెగితే పట్నంలో ఉన్న నా మైకు దండగే. అందుకే మా ఇంట్లో సెట్టు పక్కన 12 వోల్టుల బ్యాటరీ, మామూలు మైకు కూడా ఉంచాను. తమ్ముడు లైసెన్సు పరీక్షకు చదువుతున్నాడు.