వ్యవసాయ శ్రామికులలో కాలికి పాకే నడుము నొప్పి (సయాటికా): వ్యాయామ చికిత్స, పని విధానంలో మార్పులు

సారాంశం

వంగి చేసే పనులు, బరువులు ఎత్తడం వలన వ్యవసాయ శ్రామికులలో నడుము నొప్పి, దానితో పాటు కాలికి పాకే నొప్పి కలుగుతాయి. వీటిలో అధిక భాగం శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతాయి. చికిత్స ఫలితం నిలవాలంటే పొలం పని తీరు కూడా మారాలి. ఈ రెండవ అంశం వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తల పరిధిలోనిది.

ఉపోద్ఘాతం

విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలం పూలు, కూరగాయల సాగుకు పేరు పొందినది. వరి నాట్లు, కలుపు తీత, బంతి, చామంతి, కనకాంబరం కోత వంటి పనులలో శ్రామికులు, ముఖ్యంగా స్త్రీలు, గంటల తరబడి నడుము వంచే ఉంటారు. ‘నరం లాగుతోంది’ అంటూనే, కూలి పోతుందనే భయంతో పని కొనసాగిస్తారు. వైద్యుని కంటే ముందు ఈ మాట వినేది తరచుగా పొలానికి వెళ్ళే విస్తరణ సిబ్బందే.

నొప్పికి మూలం

నడుము 4, 5 వెన్నుపూసల మధ్య, 5వ వెన్నుపూస, త్రికాస్థి మధ్య ఉండే డిస్కులపై భారం అధికంగా పడుతుంది. డిస్కు బయటకు ఉబికి నరం మూలాన్ని నొక్కినా, అక్కడ వాపు కలిగించినా, నొప్పి పిరుదు, తొడ వెనుక భాగం, పిక్కల మీదుగా పాదం వరకు పాకుతుంది. తిమ్మిరి, మంట కూడా ఉండవచ్చు.

1999లో జర్మనీ పరిశోధకులు ఒక వ్యక్తి డిస్కులో ఒత్తిడిని నేరుగా కొలిచారు. నిలబడినప్పుడు అది 0.5 మెగాపాస్కల్ ఉండగా, ముందుకు వంగినప్పుడు 1.1కు పెరిగినది. 20 కిలోల బరువును నడుము వంచి ఎత్తినప్పుడు 2.3, మోకాళ్ళు వంచి ఎత్తినప్పుడు 1.7గా నమోదైనది. యూరియా బస్తా బరువు 45 కిలోలన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

చికిత్స

రోజుల తరబడి మంచంపై విశ్రాంతి మేలు చేయదు. ఓర్చుకోగలిగినంత నడక, తేలికపాటి కదలిక కొనసాగించాలి. ఫిజియోథెరపిస్టు పరీక్షించి వ్యాయామాలు నిర్ణయిస్తారు. న్యూజిలాండ్‌కు చెందిన రాబిన్ మెకెంజీ రూపొందించిన పద్ధతిలో బోర్లా పడుకోవడం, మోచేతులపై లేవడం, చేతులు చాపి ఛాతీని ఎత్తడం క్రమంగా చేయిస్తారు. నొప్పి కాలి నుండి నడుము వైపు తరలితే అది మంచి సూచన. పాదం వైపు దిగితే ఆ వ్యాయామం ఆపాలి. నొప్పి తగ్గిన కొద్దీ పొట్ట, వీపు, పిరుదు కండరాలను బలపరచాలి.

ఒకే వ్యాయామం అందరికీ పనికిరాదు. నడిస్తే కాలు లాగి, కూర్చుంటే ఉపశమనం పొందే వృద్ధులలో వెన్ను నాళం ఇరుకై ఉండవచ్చు. వారికి వెనుకకు వంగే వ్యాయామం బాధ పెంచవచ్చు.

2007లో ప్రచురితమైన నెదర్లాండ్స్ అధ్యయనంలో తీవ్రమైన సయాటికా గల 283 మందిని పరిశీలించారు. త్వరగా శస్త్రచికిత్స నిర్ణయించిన వర్గంలో కాలి నొప్పి వేగంగా తగ్గినది. అయితే ఏడాది తరువాత రెండు వర్గాలలోనూ సుమారు 95 శాతం మంది కోలుకున్నారు. వేచి చూసిన వర్గంలో 39 శాతం మందికి చివరకు శస్త్రచికిత్స అవసరమైనది.

ఆలస్యం చేయరాని లక్షణాలు

మూత్రం ఆగిపోవడం, మల మూత్రాలపై అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం, కాళ్ళలో బలహీనత వేగంగా పెరగడం అత్యవసర లక్షణాలు. 108 వాహనంలో అదే రోజు కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి చేర్చాలి. ఇక్కడ ఆలస్యమైతే నష్టం శాశ్వతం కావచ్చు. పాదం పైకి లేవకపోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పడిపోయిన తరువాత నొప్పి ఉన్నా వెంటనే వైద్యుని చూపించాలి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. వరిలో డ్రమ్ సీడర్ లేదా నాటు యంత్రం, వరుసల మధ్య కోనో వీడర్ వాడకాన్ని ప్రదర్శనలలో చూపాలి.
2. మెట్ట పంటలలో పొడవాటి పిడి గల కలుపు పరికరాలను ప్రోత్సహించాలి.
3. పూల కోతకు నడుముకు కట్టుకునే సంచి వాడించాలి. నిండిన గంపను ఇద్దరు ఎత్తాలి.
4. ఎరువు బస్తాను విడదీసి మోయించాలి. బరువును శరీరానికి దగ్గరగా పట్టుకోవాలి, ఎత్తేటప్పుడు నడుము తిప్పరాదు.
5. అరగంటకొకసారి నిటారుగా నిలిచేలా, వంగే పని, నిలబడే పని మార్చుకునేలా కూలి జట్టుతో ముందే మాట్లాడాలి.

ముగింపు

రోగ నిర్ధారణ వైద్యుని బాధ్యత. అయితే కోలుకున్న శ్రామికురాలు తిరిగి అదే భంగిమలో రోజంతా పనిచేస్తే నొప్పి మరల వచ్చే అవకాశం ఉన్నది. కావున పరికరాలను సిఫారసు చేసేటప్పుడు ఎకరాకు ఆదా అయ్యే ఖర్చుతో పాటు, పని చేసేవారి నడుముకు తగ్గే శ్రమను కూడా విద్యార్థులు తమ ప్రయోగాలలో నమోదు చేయాలి.