ఏడాది దాటినా పాలు కక్కే బిడ్డ: ఒళ్ళు మెత్తగా ఉంటే ఏం చూడాలి?

పాలు తాగాక కాస్త కక్కే బిడ్డను చూసి మన పెద్దవాళ్ళు కంగారుపడరు. భుజం మీద తువ్వాలు వేసుకుని ఎత్తుకుంటారు, అంతే. అది సరైన పద్ధతే. పుట్టిన కొద్ది వారాలకు మొదలయ్యే ఈ కక్కు నాలుగో నెల ప్రాంతంలో ఎక్కువగా ఉండి, బిడ్డ కూర్చోవడం, నిలబడడం నేర్చుకునేకొద్దీ తగ్గి, ఏడాది నిండేసరికి చాలామందిలో ఆగిపోతుంది. బిడ్డ నవ్వుతూ, బరువు పెరుగుతూ ఉంటే మందు అక్కర్లేదు.

ఈ సంచికలో మేము చెప్పదలచింది ఆ బిడ్డల గురించి కాదు. ఏడాది దాటినా కక్కుతూనే ఉండి, దానితోపాటు ఒళ్ళు మెత్తగా ఉండే బిడ్డల గురించి. ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉంటారు. మెడ ఆలస్యంగా నిలుస్తుంది. కూర్చోబెడితే ముందుకు ఒరిగిపోతారు. కండరాలలో ఉండవలసిన బిగువు తక్కువగా ఉండడాన్ని వైద్యులు హైపోటోనియా అంటారు. పొట్టలోనిది పైకి ఎగదన్నడాన్ని రిఫ్లక్స్ అంటారు. ఈ రెండూ ఒకే బిడ్డలో కలిసినప్పుడు మామూలు సలహాలు సగమే పనిచేస్తాయి.

ఎందుకంటే, అన్నవాహిక పొట్టతో కలిసే చోట సంచి మూతికి బిగించిన తాడులాంటి కండరం ఒకటి ఉంటుంది. అది అప్పుడప్పుడూ వదులవడం అందరు పిల్లల్లోనూ ఉన్నదే. మెత్తని బిడ్డలో చిక్కు దానితో ఆగదు. నడుము నిలవక ఒళ్ళు మడతపడి పొట్ట నొక్కుకుపోతుంది. పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పైకి వచ్చినదాన్ని తిరిగి మింగే శక్తి తక్కువ, దగ్గి బయటకు నెట్టే శక్తీ తక్కువే. ఒక్క సిరప్ సీసాతో తీరేది కాదని దీన్నిబట్టే తెలుస్తుంది.

మా ఓ.పి.కి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు నుండి వచ్చే కుటుంబాలలో ఒక పోలిక ఉంటుంది. అమ్మానాన్నలిద్దరికీ హైటెక్ సిటీలో ఉద్యోగాలు. సాయంత్రం అయ్యేసరికి అమెరికావాళ్ళతో కాల్స్ మొదలు. పొద్దున అమ్మ, పగలు క్రెష్‌లో ఆయా, సాయంత్రం ఊరినుంచి వచ్చిన అమ్మమ్మ, రాత్రి నాన్న, ఇలా బిడ్డకు తినిపించేది నాలుగు జతల చేతులు. ఒక కుటుంబంలో మూడు నెలలు మందు వాడినా బిడ్డకు తగ్గలేదు. ఎవరు ఎలా తినిపిస్తున్నారో మా ఎదుట చేసి చూపించమన్నాము. తల్లి చక్కగా నిలువుగా పట్టుకుంది. అమ్మమ్మగారు కాళ్ళు చాపుకుని, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో జావ నోట్లో పోశారు. తండ్రి మాత్రం, క్రెష్‌కు వెళ్ళే దారిలో ట్రాఫిక్‌లో ఆలస్యమవుతుందని కారు సీటులోనే సీసా ఇస్తున్నామని చెప్పారు. ముగ్గురిదీ ప్రేమే. కానీ మందు ఎందుకు పనిచేయలేదో మాకు అక్కడే అర్థమైంది. అందుకే తల్లి ఒక్కతే కాకుండా, బిడ్డకు తినిపించే వారందరూ రావాలని ఇప్పుడు అడుగుతున్నాము.

"తాగాక నిలువుగా ఎత్తుకోండి" అని అందరూ చెబుతారు. మెత్తని బిడ్డను నిలువుగా ఎత్తుకోవడం వేరే విద్య. ఊరికే భుజాన వేసుకుంటే నడుము దగ్గర కుప్పకూలి, పొట్ట మీద బరువు పడి, కక్కు ఇంకా ఎక్కువవుతుంది. బిడ్డ ఛాతీ మీ ఛాతీకి ఆనాలి. ఒక చేయి పిరుదుల కింద, రెండో చేయి మెడ వెనుక, వీపు పైభాగాన ఉండాలి. గడ్డం ఛాతీకి తగలకూడదు. ఇలా 20 నుండి 30 నిమిషాలు. చేతులు లాగుతాయి, నిజమే, కాబట్టి వంతులు వేసుకోండి. డైపర్ మార్చడం తినిపించకముందే కానివ్వండి. తిన్నాక పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తితే పొట్టలోనిది గొంతులోకి వస్తుంది.

కాస్త పెద్ద బిడ్డయితే కుర్చీలో తుంటి వెనక్కి ఆనేలా కూర్చోబెట్టి, రెండు పక్కలా దుప్పటి చుట్టలు పెట్టి, పాదాలు ఆనడానికి పీట వేయండి. పాదాలకు ఆధారం దొరికితే నడుము నిలుస్తుంది, నడుము నిలిస్తే మింగడం సులువవుతుంది. దీనికి వేలకు వేలు పోసి కుర్చీ కొనక్కర్లేదు. మీ ఫిజియోథెరపిస్టు ఇంట్లో ఉన్న సామానుతోనే అమర్చి చూపిస్తారు.

చీర ఉయ్యాల గురించి ఒక మాట. అందులో మనమందరం పెరిగినవాళ్ళమే. కానీ మెడ నిలవని బిడ్డ ఆ ఉయ్యాలలో విల్లులా వంగి, గడ్డం ఛాతీకి ఆని, ఊపిరి దారి కూడా ఇరుకవుతుంది. తిన్న వెంటనే అందులో వేయకండి, నిద్రకు వాడకండి. కారు సీటు ప్రయాణానికే, నిద్రకు కాదు. ఏడాది లోపు బిడ్డను రాత్రి గట్టి, సమతలమైన పరుపు మీద వెల్లకిలానే పడుకోబెట్టాలి. తల కింద దిండు వద్దు, కక్కు ఉంది కదా అని బోర్లా పడుకోబెట్టడమూ వద్దు.

తిండి విషయంలో, ఒక్కసారే ఎక్కువ పెట్టకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. తల్లిపాలు మాన్పించకండి. రాగిజావ కాస్త చిక్కగా చేస్తే పైకి రావడం తగ్గవచ్చు. అయితే మింగే కండరాలు బలహీనంగా ఉన్న బిడ్డకు మరీ చిక్కనిది గొంతులో నిలిచిపోతుంది, మరీ పలచనిది ఊపిరితిత్తుల వైపు జారుతుంది. ఎంత చిక్కదనమో చూసి చెప్పించుకోండి. ఆరు నెలల లోపు బిడ్డ పాలలో మీ అంతట మీరు ఏదీ కలపవద్దు. ఏడాది లోపు నాలుకకు తేనె రాయవద్దు. తేనెలో ఉండగల క్రిముల విషం వల్ల ఒళ్ళు పూర్తిగా వాలిపోయే జబ్బు రావచ్చు. ముక్కు మూసి జావ పోయడం, స్నానమప్పుడు ముక్కులో నూనె వేయడం మానాలి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే వచ్చే నిమ్ము త్వరగా తగ్గదు.

మలబద్ధకాన్ని ఎవరూ కక్కుతో కలిపి చూడరు. పొట్ట కండరాలు బలహీనమైనప్పుడు ముక్కి విసర్జించే శక్తి ఉండదు. కింద నిండితే పైకి తన్నుతుంది. మలం మెత్తబడేలా చికిత్స చేస్తే కొందరు పిల్లల్లో కక్కు తగ్గడం మేము చూశాము.

ఇక మందులు. యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ వంటివి మంట తగ్గిస్తాయి గాని కక్కును ఆపవు. డాక్టరు ఇస్తే 4 నుండి 8 వారాలు వాడి, ఫలితం చూసి, అవసరం లేకపోతే ఆపాలి. ఎక్కువకాలం వాడితే పేగు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు పెరగవచ్చు. ఒకప్పుడు రిఫ్లక్స్‌కు విరివిగా ఇచ్చిన సిసాప్రైడ్‌ను గుండె లయ దెబ్బతీస్తుందని మన దేశంలో 2011లో నిషేధించారు. మందుల షాపులో అడిగితే చేతికిచ్చే డాంపెరిడోన్‌ను 12 ఏళ్ళ లోపు పిల్లల వాంతులకు వాడవద్దని 2019లో బ్రిటన్ ఔషధ సంస్థ చెప్పింది, ఎందుకంటే వాళ్ళలో అది ఉపయోగపడినట్టు రుజువు కాలేదు. పక్కింటి బిడ్డ చీటీ మీ బిడ్డకు పనికిరాదు. కొందరికి ఆవుపాల ప్రొటీన్ పడకపోవడమే కారణం కావచ్చు. డాక్టరు చెబితే 2 నుండి 4 వారాలు మానిపించి చూడవచ్చు.

మాకు ఎక్కువ భయం దేనికంటే, చప్పుడు లేకుండా జరిగే ప్రమాదానికి. మామూలు బిడ్డకు పాలు పొరబోతే దగ్గుతాడు. మెత్తని బిడ్డ దగ్గకపోవచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. తిన్నాక గొంతులో గురగుర, ఊపిరిలో తడి శబ్దం, కళ్ళలో నీళ్ళు, ఒక్కో భోజనానికి అరగంట దాటడం, మళ్ళీ మళ్ళీ నిమ్ము రావడం, ఇవే దాని గుర్తులు. వీటిలో ఏది ఉన్నా, మింగేటప్పుడు తీసే వీడియో ఎక్స్‌రే అవసరమా అని డాక్టరును అడగండి. ఆకుపచ్చని వాంతి, రక్తం, బిడ్డ నీలంగా మారడం, ఊపిరాడకపోవడం, మందంగా పడిపోవడం కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ చూడకండి. అర్ధరాత్రయినా దగ్గర్లోని క్యాజువాలిటీకి వెళ్ళండి.

ఒళ్ళు మెత్తన ఎందుకో కనుక్కోవడం కూడా చికిత్సలో భాగమే. థైరాయిడ్ లోపం వల్ల మెత్తదనం, మలబద్ధకం రెండూ వస్తాయి, మాత్రతో సరిచేయవచ్చు. తల్లికి బి12 లోపం ఉండి, బిడ్డ కేవలం తల్లిపాల మీదే ఉంటే బిడ్డ పాలిపోయి, వేళ్ళ కణుపులు నల్లబడి, నేర్చుకున్నవి మరచిపోతుంది. ఆలస్యం చేయకుండా బి12 ఇస్తే చాలావరకు తేరుకుంటుంది. జన్యు కారణాలు అనుమానిస్తే పంజాగుట్ట నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు నీపిడ్, చిన్నపిల్లలకు తొలి శిక్షణ ఇస్తుంది. వీటికి వెళ్ళడం బిడ్డ మీద ముద్ర వేయించుకోవడం కాదు. తల్లి గర్భంతో ఉండగా ఏదో చేసిందని వేలెత్తి చూపే బంధువులకు ఈ పేజీ చదివి వినిపించండి.

ఉద్యోగం చేసే తల్లులకు ఒక విషయం తెలియాలి. 2017 నుండి చట్టం ప్రకారం ప్రసూతి సెలవు 26 వారాలు, మొదటి ఇద్దరు పిల్లలకు. 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ సదుపాయం ఉండాలి, రోజుకు నాలుగుసార్లు తల్లి అక్కడికి వెళ్ళే హక్కు ఉంది. మెత్తని బిడ్డకు ఆ నాలుగు సార్లు అంటే నాలుగు భోజనాలు. హెచ్.ఆర్. వారిని మొహమాటపడకుండా అడగండి.

ఇవన్నీ చేసినా బరువు పెరగక, నిమ్ము ఆగక ఉంటే, ముక్కు గొట్టం లేదా పొట్టకు చిన్న గొట్టం గురించి మాట్లాడవలసి వస్తుంది. ఆ మాట వినగానే తల్లులు ఏడుస్తారు, తాము ఓడిపోయామనుకుంటారు. కోత లేకుండా ఎండోస్కోపీతో పొట్టకు గొట్టం అమర్చే పద్ధతిని 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మొట్టమొదట చేసింది నోటితో సరిగా తాగలేని ఒక పసిబిడ్డకే. బలం వచ్చాక తీసేయవచ్చు. గొట్టం ఉన్నా, మింగడం సురక్షితమని డాక్టరు చెబితే నోటికి రుచి చూపిస్తూనే ఉండవచ్చు.

మా దగ్గరికి వచ్చేటప్పుడు బిడ్డ తాగే సీసా, చెంచా, ఉగ్గుగిన్నె తెండి. మూడు రోజులు ఏం తిన్నాడో, ఎన్నిసార్లు కక్కాడో, మలవిసర్జన ఎప్పుడైందో ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో ఒక పూట తినిపించేటప్పుడు ఫోనులో వీడియో తీయండి, బిడ్డ ముఖం, నడుము రెండూ కనపడేలా. వీలైతే అమ్మమ్మగారిని కూడా తీసుకురండి.