అల్లుడి నోట్లో శని

ఫహాహీల్, కువైట్,
శుక్రవారం

చిరంజీవి అల్లుడికి,

రాత్రి ఫోన్‌లో నీ గోడు విన్నాక ఇది రాయాలనిపించింది. పదకొండు నెలలు ఓవర్‌టైమ్ చేసి దాచిన దీనార్లతో ఆర్టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ కొన్నావు. తీరా బ్రౌజర్‌లో డిజైన్లు చేసే ఫిగ్మాలో హోటల్ మెనూ తెరిచి బిర్యానీ ఫొటో పక్కకు జరిపితే నత్తలా జరుగుతోందన్నావు. దీన్ని అమ్మేసి ఇంకా పెద్దది కొనడానికి హవల్లీ పోతానంటున్నావు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. కాస్త ఆగు. అక్కడి ఇబ్న్ ఖల్దూన్ వీధిలో కంప్యూటర్ కొట్లు ఎక్కడికీ పోవు.

నీ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్పులు రెండున్నాయి. ఒకటి ప్రాసెసర్‌తో పాటే వచ్చింది, కరెంటు తక్కువ తింటుంది. రెండోది నువ్వు డబ్బు పోసి కొన్నది. బ్యాటరీ ఆదా కోసం విండోస్ సాధారణంగా బ్రౌజర్‌ను మొదటిదానికే అప్పగిస్తుంది. ఫిగ్మా ట్యాబ్‌లో నడిచినా బొమ్మంతా గ్రాఫిక్స్ చిప్పుతోనే గీయిస్తుందన్న సంగతి విండోస్‌కు పట్టదు.

నేనూ ఈ గుంతలో పడ్డవాణ్ణే. కొత్త ల్యాప్‌టాప్ కొని ఆరు నెలలు నెట్‌ను తిట్టుకుంటూ పనిచేశాను. తీరా చూస్తే కార్డు అన్నాళ్లూ ఖాళీగా కూర్చుంది.

ముందు ఏ చిప్పు పనిచేస్తోందో చూడు. క్రోమ్ అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, జీపీయూ అని కొట్టు. జీఎల్ రెండరర్ అన్న వరుసలో నీ కార్డు పేరు ఉండాలి. స్విఫ్ట్‌షేడర్ అని కనిపిస్తే ఏ చిప్పూ పనిచేయట్లేదని, భారమంతా ప్రాసెసర్ మోస్తోందని అర్థం. అప్పుడు క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్ చెయ్యి. ఇంటెల్ పేరో మరో చిప్పు పేరో ఉంటే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ దాకా వెళ్లి, క్రోమ్‌ను ఎంచుకుని హై పర్ఫార్మెన్స్ పెట్టు. తర్వాత క్రోమ్‌ను పూర్తిగా మూసి తెరువు. వెనకాల నడుస్తూ ఉంటే మార్పు అందదు.

చార్జర్ పెట్టే పనిచెయ్యి. బ్యాటరీ మీద ఉంటే కార్డుకు పూర్తి కరెంటు అందదు. ఇంకొకటి, మంచం మీద దుప్పటి పరిచి దానిమీద ల్యాప్‌టాప్ పెట్టే అలవాటు మానుకో. 2016 జూలైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం ఇది. గాలి ఆడకపోతే ఎంత ఖరీదైన కార్డైనా తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది.

ఇవన్నీ చేశాక టాస్క్ మేనేజర్‌లో కార్డు వాడకం ఇరవై శాతమే ఉందని మళ్లీ ఫోన్ చేస్తావు, నాకు తెలుసు. నూరు శాతం మనకెందుకురా? చెయ్యి కదిపిన వెంటనే బొమ్మ కదిలితే చాలు.

అప్పటికీ కదలకపోతే తప్పు నీ ఫైల్‌లో ఉంది. ఫోన్‌తో తీసిన ఫొటో 4000 బై 3000 పిక్సెళ్లు ఉంటుంది. ఫైల్ నాలుగైదు ఎంబీలే అయినా, పూర్తిగా విప్పితే పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన 48 ఎంబీ. నలభై వంటకాలంటే రెండు జీబీకి దగ్గర. మెనూలో అగ్గిపెట్టెంత కనిపించే కబాబ్‌కు అంత ఫొటో ఎందుకు? తగ్గించి పెట్టు. పాత డిజైన్లన్నీ ఒకే ఫైల్‌లో కుక్కేయకు.

కొత్త ల్యాప్‌టాప్ డబ్బు ఈ నెల ఇంటికి పంపు, మా అక్క సంతోషిస్తుంది. వచ్చే శుక్రవారం భోజనానికి రా. ల్యాప్‌టాప్ తెచ్చుకో, ఇద్దరం కూర్చుని చూద్దాం. చార్జర్ మర్చిపోకు.

మీ మామ