గోల్‌కీపర్ పడిపోయినప్పుడు

సత్యోపదేశ తరగతులలో కాస్త పెద్ద పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. ఒక చెంప మీద కొట్టినవానికి రెండవ చెంప చూపించమని ప్రభువు చెప్పారు. సరే, అది నా చెంప. నన్ను కొడితే నేను ఓర్చుకుంటాను. కాని నా పక్కవాడిని కొడితే? వాని చెంపను చూపించే హక్కు నాకెక్కడిది?

మంచి ప్రశ్నే. దీనికి తొందరపడి జవాబు చెప్పేవారు సాధారణంగా రెండు తప్పులలో ఒకటి చేస్తారు. "మనకెందుకురా, నువ్వు దూరంగా వుండు" అనడం ఒకటి, "నువ్వూ రెండు తగిలించు" అనడం రెండోది. ఈ రెండింటి మధ్య దారి ఏమిటో వెదకడానికి ఈ వారం ఒక ఆటను తీసుకుందాం. అది మన ఊళ్ళలో ఆడే ఆట కాదు. కానీ ఆ ఆటలో ఈ ప్రశ్న ప్రతి సంవత్సరం వేలమంది ప్రేక్షకుల ఎదుట లేస్తూనే వుంటుంది.

హాకీ అనగానే మనకు పచ్చగడ్డి మైదానం గుర్తుకొస్తుంది. కెనడాలోను, అమెరికా ఉత్తర ప్రాంతాలలోను హాకీ అంటే మంచు మీద ఆడే ఆట. అడుగున ఉక్కు అంచు బిగించిన బూట్లతో, గడ్డకట్టించిన నేల మీద జారుతూ, కర్రలతో నల్లని రబ్బరు బిళ్ళను కొడతారు. దానిని పక్ అంటారు. ఒక్కో జట్టుకు ఒకసారికి ఆరుగురు, అందులో ఒకడు గోల్‌కీపర్. మన హాకీకీ దానికీ పెద్ద తేడా ఏమిటంటే, అక్కడ పక్ చేతిలో వున్నవానిని భుజంతో, ఒంటితో ఢీకొట్టడం ఆటలో భాగమే. నియమాలకు లోబడి కొడితే రిఫరీ ఈల వేయడు.

అయితే గోల్‌కీపర్ విషయం వేరు. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు వున్న గోలు ముందు అతడు నిలబడతాడు. సుమారు 170 గ్రాముల బరువున్న ఆ గట్టి బిళ్ళ గంటకు 150 కిలోమీటర్లకు మించిన వేగంతో వస్తుంది. ఇప్పుడు ముఖానికి ముసుగు, కాళ్ళకు లావుపాటి దిండ్ల వంటి తొడుగులు వుంటాయి గాని, ఒకప్పుడు ముఖం మీద ఏమీ వుండేది కాదు. 1959 నవంబరు 1న న్యూయార్క్‌లో జాక్ ప్లాంట్ అనే మాంట్రియల్ గోల్‌కీపర్ ముక్కు పక్ తగిలి పగిలింది. కుట్లు వేయించుకుని, ముసుగు పెట్టుకోనిస్తేనే తిరిగి మంచు మీదికి వస్తానన్నాడు. అతని శిక్షకునికి అది ఇష్టం లేదు. ముసుగు పెట్టుకుంటే చూపు తగ్గుతుందని, పైగా పిరికితనంగా కనిపిస్తుందని అప్పటివారి భయం. ముక్కు పగిలినవాడిని పిరికివాడనడం ఎంత తేలికో చూడండి!

గోల్‌కీపర్ దృష్టి ఎప్పుడూ పక్ మీదే. పక్కనుంచి వచ్చే మనిషిని చూసుకునే వీలు అతనికి తక్కువ. బరువైన తొడుగులలో తప్పించుకోవడమూ కష్టమే. అందుకే ఉత్తర అమెరికాలోని పెద్ద లీగు, ఎన్.హెచ్.ఎల్., ఒక నియమం పెట్టుకున్నది. గోల్‌కీపర్ తన గీత దాటి ముందుకు వచ్చినంత మాత్రాన ఇతర ఆటగాళ్ళను ఢీకొట్టినట్టు అతనిని ఢీకొట్టరాదు. ఇది రాసిన నియమం. దీనికి తోడు రాయని నియమం ఒకటున్నది. మన గోల్‌కీపర్‌ను ఎవడైనా తాకితే మంచు మీద వున్న మిగిలిన అయిదుగురూ వెంటనే అతనికి అండగా నిలబడాలి. తాకినవాడు జవాబు చెప్పుకోవాలి. ఈ రాయని నియమాన్ని ఆటగాళ్ళు రాసిన నియమం కంటే గట్టిగా పాటిస్తారు.

2011 నవంబరు 12న బోస్టన్‌లో ఈ రాయని నియమం తప్పిపోయింది. బఫెలో సేబర్స్ జట్టు గోల్‌కీపర్ రయన్ మిల్లర్. అంతకు ముందు ఏడాది, 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో అమెరికాకు రజత పతకం దక్కడంలో అతనిది ముఖ్య పాత్ర. ఆ టోర్నమెంటులో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికైనవాడు. ఆ రోజు పక్ ఒకటి వదులుగా జారుతూ రావడం చూసి, గోలు విడిచి చాలా ముందుకు వచ్చి దానిని కొట్టాడు. ఎదురుగా అదే పక్ కోసం బోస్టన్ బ్రూయిన్స్ ఆటగాడు మిలాన్ లూచిచ్ వేగంగా వస్తున్నాడు. వంద కిలోలకు పైబడిన మనిషి. ఆగలేదు. మిల్లర్ ఎగిరి మంచు మీద వెల్లకిలా పడ్డాడు, ముసుగు ఊడిపోయింది.

బఫెలో ఆటగాళ్ళు దగ్గరకు వచ్చారు. కొంచెం తోపులాట జరిగింది. కాని లూచిచ్ ఎదుట నిలబడి ఇది తప్పని గట్టిగా నిలదీసినవాడు లేడు. రిఫరీ లూచిచ్‌ను రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టాడు. మిల్లర్ కొంతసేపు ఆడి, తర్వాత తప్పుకున్నాడు. తలకు తగిలిన అదురు వల్ల మెదడు దెబ్బతిన్నదని వైద్యులు తేల్చారు. కొన్ని మ్యాచ్‌లకు అతడు దూరమయ్యాడు. లీగు విచారణ జరిపింది. ఇద్దరూ పక్ కోసమే వచ్చారని భావించి లూచిచ్‌ను తర్వాతి మ్యాచ్‌లనుంచి నిషేధించలేదు.

తర్వాతి రోజులలో పత్రికలు లూచిచ్ కంటే బఫెలో జట్టునే ఎక్కువగా తప్పుపట్టాయి. "మీ గోల్‌కీపర్ నేలమీద పడివుంటే మీరేం చేశారు?" అని అభిమానులు అడిగారు. ఆ ఆటగాళ్ళు కూడా తాము నిలబడవలసిన విధంగా నిలబడలేదని ఒప్పుకున్నారు. నవంబరు 23న ఆ రెండు జట్లూ ఈసారి బఫెలోలో తలపడినప్పుడు, పాల్ గాస్టాడ్ అనే ఆటగాడు లూచిచ్‌ను పిలిచి ముష్టియుద్ధానికి దిగాడు. నిబంధన ప్రకారం ఇద్దరూ చెరి అయిదు నిమిషాలు బయట కూర్చున్నారు. బాకీ తీరిందన్నారు. ఆ మ్యాచ్ కూడా బోస్టనే గెలిచింది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఆ మొదటి రోజు బఫెలో జట్టు చేసిన తప్పేమిటి? లూచిచ్‌ను కొట్టకపోవడమా? అక్కడి క్రీడా విలేకరులు చాలామంది అలాగే రాశారు. నాకు అలా తోచదు. మిల్లర్‌కు కావలసినది లూచిచ్ మూతి వాయడం కాదు. నేలమీద పడిన క్షణంలో తనవారు వున్నారని తెలియడం. తనను పడగొట్టినవాడు ఏమీ జరగనట్టు వెళ్ళిపోకుండా ఎవరో ఒకరు అడ్డు నిలవడం. అది ఆ నిమిషంలోనే చేయవలసిన పని. పదకొండు రోజుల తర్వాత జరిగిన ముష్టియుద్ధం జట్టు పరువు కోసం జరిగినది. మిల్లర్ తలనొప్పిని అది ఒక్క రవ్వ కూడా తగ్గించలేదు. అయినా గాస్టాడ్‌ను నేను తేలికగా కొట్టిపారేయను. ఎదురుగా, పేరుపెట్టి పిలిచి, ఇద్దరూ ఇష్టపడి దిగిన పోరాటం అది. వెనకనుంచి కొట్టలేదు. అయిదు నిమిషాలతో ఆగింది.

ఆగకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఇంకా వెనక్కి, 2004కు వెళ్ళాలి. ఈసారి దెబ్బ తిన్నవాడు గోల్‌కీపర్ కాదు, జట్టు నాయకుడు. ఫిబ్రవరి 16న కొలరాడో జట్టు ఆటగాడు స్టీవ్ మూర్, వాంకూవర్ నాయకుడు మార్కస్ నాస్లండ్‌ను ఢీకొట్టాడు. నాస్లండ్ తలకు దెబ్బ తగిలింది. రిఫరీ శిక్ష వేయలేదు, లీగు కూడా తప్పు లేదన్నది. వాంకూవర్ జట్టు మనసులో అది అలాగే వుండిపోయింది. మార్చి 8న రెండు జట్లూ వాంకూవర్‌లో కలిసినప్పుడు, మొదటి భాగంలోనే వాంకూవర్ ఆటగాడొకడు మూర్‌తో ముష్టియుద్ధం చేశాడు. ఆ ఆట కట్టుబాటు ప్రకారం లెక్క అక్కడితో సరిపోవాలి. సరిపోలేదు. మూడవ భాగంలో, కొలరాడో చాలా ముందున్న సమయంలో, నాస్లండ్‌కు స్నేహితుడు, అతని పక్కనే ఆడేవాడు అయిన టాడ్ బెర్టూజీ మూర్‌ను వెంబడించాడు. మూర్ తిరిగి చూడలేదు. బెర్టూజీ వెనకనుంచి అతని తల పక్కన గుద్ది, అతనితో పాటు మంచు మీద పడ్డాడు. మిగిలినవారు వారి మీద పడ్డారు.

మూర్ మెడ ఎముకలు విరిగాయి, మెదడు అదిరింది. అతడు మళ్ళీ ఎన్నడూ ఆ లీగులో ఆడలేదు. బెర్టూజీని లీగు నిషేధించింది, 2005 ఆగస్టు వరకు తిరిగి రానివ్వలేదు. కెనడా న్యాయస్థానంలో అతడు నేరం ఒప్పుకున్నాడు. షరతులతో విడుదల చేసి, 80 గంటల సమాజసేవ విధించారు. మూర్ వేసిన నష్టపరిహారం దావా 2014లో రాజీతో ముగిసింది. పది సంవత్సరాలు! అంతా మొదలైనది ఒక స్నేహితునికి అండగా నిలవాలన్న మంచి కోరిక నుంచే. బెర్టూజీ కొన్నాళ్ళకే పత్రికల వారి ముందు ఏడుస్తూ క్షమాపణ చెప్పాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవనే నా నమ్మకం. ముందునుంచీ దుర్మార్గుడైనవాడు కాదు. మూడు వారాలపాటు ఒక కోపాన్ని జట్టంతా కలిసి పెంచి పోషించింది.

మన వేదాంతులలో పునీత తోమాసు అక్వినాసు కోపం గురించి రాసినది ఇక్కడ పనికివస్తుంది. కోపమంతా పాపం కాదంటారాయన. కోపం తెచ్చుకోవలసిన చోట తెచ్చుకోకపోవడం కూడా ఒక లోపమేనంటారు. "మనకెందుకురా" అనేవారు ఈ మాట వినాలి. ఇక తప్పు చేసినవానిని శిక్షించే విషయంలో ఆయన చూడమన్నది మనసులోని ఉద్దేశాన్ని. వాడికి కీడు జరగాలని కోరుకుంటే అది పాపం. వాడు మారాలని, తప్పు ఆగాలని, మిగిలినవారు క్షేమంగా వుండాలని కోరుకుంటే అది న్యాయం. చేతులు చేసే పని చాలాసార్లు ఒకేలా కనిపిస్తుంది కాబట్టి, ఈ తేడా బయటివారికి అంత సులువుగా తెలియదు. చేసేవానికి మాత్రం తెలుస్తుంది.

గెత్సేమని తోటలో పేతురు చేసినదీ గుర్తు చేసుకోండి. ప్రభువును పట్టుకోవడానికి వచ్చినవారి మీద కత్తి దూశాడు. ప్రేమ వున్నది, ధైర్యమూ వున్నది. తెగినది మాత్రం మాల్కుసు అనే సేవకుని చెవి. ప్రభువు పేతురును ఆపి, ఆ చెవిని బాగుచేశారు. అదే రాత్రి, కత్తి అవసరం లేని చోట, మంట దగ్గర ఒక పనిమనిషి అడిగినప్పుడు, ఆయన మనిషినేనని చెప్పడానికి అదే పేతురుకు నోరు రాలేదు. కత్తి దూయడం కంటే పక్కన నిలబడడం కష్టమని ఆ రాత్రి తెలుస్తుంది.

మరి బోస్టన్ మంచు మీద ఆ నిమిషంలో అయిదుగురు ఏం చేసి వుండవచ్చు? ఆ ఆట నియమాలే కొంత దారి చూపుతాయి. ఒకరో ఇద్దరో పడినవాని దగ్గరకు వెళ్ళి అతని మీదికి ఇంకెవరూ రాకుండా నిలబడవచ్చు. ఇంకొకరు కొట్టినవాని ఎదుట ముఖాముఖి నిలిచి, చెయ్యెత్తకుండా, చేసినది తప్పని చెప్పవచ్చు. జట్టు నాయకునికి రిఫరీతో మాట్లాడే హక్కు వున్నది, దానిని వాడవచ్చు. జట్టు వైద్యుడు వచ్చి చూసేదాకా గోల్‌కీపర్‌ను ఆడనివ్వకుండా పట్టుపట్టవచ్చు. తలకు దెబ్బ తగిలినవాడు బాగానే వున్నానని అంటాడు, ఆ మాట నమ్మడం అతనికి చేసే మేలు కాదు. ఆ తర్వాత కోపాన్ని ఆటలో చూపించవచ్చు. కొట్టినవాడు రెండు నిమిషాలు బయట వుంటే అవతలి జట్టులో ఒకరు తక్కువ. గోలు వేయడానికి అంతకంటె మంచి సమయం దొరకదు.

మన పిల్లల విషయానికి వస్తే, హాస్టల్లోనో, బడి మైదానంలోనో, బస్సు దగ్గరో ఇటువంటిది జరిగి, "నేను చూస్తూ వూరుకోలేదు నాన్నా" అని ఇంటికి వచ్చి చెప్పే కొడుకు వుంటాడు. వెంటనే మెచ్చుకోవద్దు, వెంటనే తిట్టనూ వద్దు. ముందు దెబ్బ తిన్న పిల్లవాడు ఎలా వున్నాడో అడగండి. వాని దగ్గరకు ఎవరు వెళ్ళారో, మాస్టారికి ఎవరు చెప్పారో అడగండి. మీవాడు ఎవరినైనా కొట్టి వుంటే, అది అప్పుడా, మర్నాడా అనేది కూడా అడగండి. దెబ్బలు పడుతుండగా అడ్డుపడి ఒకటి తగిలిందంటే ఒక సంగతి. మర్నాడు నలుగురిని కూడగట్టుకుని గేటు దగ్గర కాపు వేశారంటే అది మరొక సంగతి. రెండవది చెప్పేటప్పుడు పిల్లవాడు మాట తడబడితే, వాడి మనసాక్షి అప్పటికే పని మొదలుపెట్టిందని అర్థం. అప్పుడు మీరు ఎక్కువ మాట్లాడనక్కరలేదు.

ఇక "నేనేం చేయలేదు, నాకు భయం వేసింది" అని చెప్పే పిల్లలు కూడా వుంటారు. వారే ఎక్కువ. వారిని పిరికివారని మాత్రం అనవద్దు. ఆ దెబ్బ తిన్న స్నేహితుని ఇంటికి ఇప్పుడైనా వెళ్ళి కాసేపు కూర్చుని రమ్మనండి. తోడుగా మీరూ వెళ్ళండి.